గ్లెన్‌మూర్ దొర ఆడ లేకుండె

"పనివాండ్రు నా ఆజ్ఞను మీరిరి. మీరినవారు మడిసిరి. ఇందు నా దోషమేమి?"

రాజం అనవలసింది ఇంతే. పేజీలకు పేజీలు ఒక్క పూటలో నోటికి పట్టే మనిషి, ఏటా రక్షణ వారోత్సవాల నాటకంలో పక్కనుంచి అందించాల్సిన అవసరం రాని ఏకైక నటుడు, "పనివాండ్రు" అని ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ "పనివాండ్రు" అన్నాడు. ఎదురుగా, గనిలో చనిపోయిన పనివాడి భార్యగా మోకాళ్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్న కొమురెల్లి, ఆ కొంగు తీసి, "అందియ్యాల్నా రాజన్నా?" అన్నాడు.

"వద్దు. యాదికున్నది."

"ఉంటే అనరాదు మరి. మోకాళ్లు గుంజుతున్నయి."

కొమురెల్లిది ల్యాంపు రూములో పని. బాయిలోకి (బొగ్గు గనికి గోదావరిఖనిలో అదే పేరు) దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. నాటకంలో ఆడవేషం కోసం ఇన్నేళ్ల మీసం తీయించేశాడు. భార్య మొహం చూసి నవ్వి నవ్వి, ఆ తర్వాత అలిగిందట.

నాటకం రాసింది వామనరావు సార్. మంథని మనిషి. కాలనీ బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఆయన దగ్గర అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. నూటయాభై ఏళ్ల కిందటి స్కాట్లాండ్ ప్రభువు ఒకాయన జీవితచరిత్ర. ఆ పుస్తకమంటే సార్‌కు ఎంత ప్రేమంటే, తన సొంత తాతగారి సంగతులైనా అంత ముచ్చటగా చెప్పడు. గ్లెన్‌మూర్ ప్రభువు చిన్నతనంలోనే తండ్రి పోయి బిరుదుకెక్కాడు. మీసం సరిగా రాకముందే పార్లమెంటులో పెద్దల సభలో కూర్చున్నాడు. ఆడవాళ్లను, పిల్లలను బొగ్గుగనుల్లోకి దింపకూడదని చట్టం కోసం గొంతు చించుకున్నాడు. సొంత గనులున్న మనిషే అలా మాట్లాడాడు, అదీ గొప్ప. తన గనిలో కప్పు కూలి పనివాళ్లు పోతే, విచారణ సంఘం ముందు నిలబడి జవాబిచ్చాడు. ఆయన ముసలివాడయ్యాక ఊళ్లోకొస్తే పనివాళ్లు బండి గుర్రాలను విప్పేసి, తామే కాడి కింద భుజం పెట్టి లాక్కెళ్లారు.

"ఇంతకన్నా రక్షణ వారోత్సవాలకు తగిన మహనీయుడు ఎవరయ్యా?" అన్నాడు సార్. సేఫ్టీ ఆఫీసరు తల ఊపాడు.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. సార్ 'గ్లెన్‌మూర్ ప్రభువు' అని పెడితే బోర్డు రాసే శివ ఒప్పుకోలేదు. "ప్రభువు అంటె చర్చి నాటకం అనుకుంటరు సార్" అని దొర అని రాసిపారేశాడు. దాంతో చాయ్ హోటల్ దగ్గర ఇంకో లొల్లి. ఆ డిసెంబరులో ప్రత్యేక రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చి, కొద్దిరోజులకే ఆ మాట వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మనుషులందరూ సలసల కాగుతున్నారు. "ఊర్లల్ల దొరల తిప్పలు పడలేక బాయిలకొస్తిమి, నువ్వు సీమ దొరను నెత్తిమీద పెట్టుకొస్తివా?" అని రాజంను ఆటపట్టించారు. స్కాట్లాండు దొరలు గళ్ల లంగా కడతారని సార్ అనగానే రాజం దండం పెట్టాడు. "గళ్ల లుంగి కడితె దొరనెందుకయిత సార్, చాయ్ పోసెటోన్నయిత." చివరికి పెళ్లి బ్యాండువాళ్ల ఎర్ర కోటు ఖాయమైంది.

ఇవన్నీ నవ్వుకున్న రోజులు. ఇప్పుడు ఎర్ర కోటు భుజాల మీద బిగుతుగా ఉంది, నోట్లోంచి మాట రావడంలేదు.

"ఇయ్యాల్టికి ఆపుదాం సార్. దవాఖానకు పోవాలె" అన్నాడు రాజం కోటు విప్పుతూ.

వామనరావు జాలిగా చూశాడు. "వెళ్లు నాయనా. సొంత బావమరిది చేయి నలిగితే మనసు నిలుస్తుందా?"

కొమురెల్లి కొంగు మడత పెట్టుకుంటూ ఒక్కసారి రాజం మొహంలోకి చూసి, చూపు దించుకున్నాడు. ఆ చేయి నలిగిన రోజు షిఫ్టు అయిపోకముందే పైకొచ్చిన రాజం తలదీపం తీసుకున్నది అతనే.

*

ఏరియా దవాఖానలో ఆగయ్య మంచం కిటికీ పక్కన ఉంది. కుడిచేయి మోచేతిదాకా తెల్లటి కట్టు. దాంట్లో రెండు వేళ్లు లేవని డాక్టరు చెప్పాడు. ఆగయ్య రాజం చెల్లెలు సారవ్వ మొగడు. తట్ట, చెమ్మాసు (పార) పట్టి బొగ్గు నింపేవాడు. రాజం అదే బాయిలో సర్దారు. అంటే, పేలుడు పెట్టిన తర్వాత పొగ తగ్గాక ముందుగా లోపలికి వెళ్లి, పైకప్పును కట్టెతో కొట్టి, మోత విని, గట్టిగా ఉంటే సరే, డొల్లగా మోగితే బండ దింపించి, కప్పుకు ఆసరాగా కర్ర దిమ్మలు నిలబెట్టించి, అప్పుడు "మొదలువెట్టుర్రి" అనవలసినవాడు. ఆ మాట అతను అనేదాకా ఎవడూ చెమ్మాసు ముట్టుకోకూడదు. మాట అతను అన్నాడు. కట్టె మాత్రం ముట్టుకోలేదు. తలదీపం వెలుతురు ఒకసారి పైన తిప్పి, "చూసిన, ఏం గాదు. మొదలువెట్టుర్రి" అని, రిహార్సలుకు ఆలస్యమవుతోందని పైకి వచ్చేశాడు. బండ కూలేసరికి అతను కమ్యూనిటీ హాల్లో ఎర్ర కోటు గుండీలు పెట్టుకుంటూ ఉన్నాడు.

మేనేజరు అడిగినప్పుడు ఇంకోటి చెప్పాడు. బొగ్గు తీసే పక్క ఫేసులో ఉన్నానని, దిమ్మ పెట్టేదాకా ఆగమన్నా ఆగయ్య ఆగలేదని. నోరు దానంతటది చెప్పేసింది. చెప్పేశాక వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం ఉండింది, ఆ క్షణాన్ని కూడా పోనిచ్చాడు.

సారవ్వ స్టీలు గిన్నెలో జొన్న గట్క, చింతపులుసు తెచ్చి, మొగడికి ఎడమచేత్తో తినడం నేర్పుతోంది. అన్నను చూడగానే లేచింది.

"కూసో అన్నా. గీయనకు జర నువ్వన్న బుద్ధి చెప్పు. ఆగుమంటె ఆగితె ఏంబోయె? పక్కపొంటి సొంత బావ ఉండి చెప్తె గూడ ఇనకపాయె. ఎవ్వల మాట ఇంటడింక?"

"పోనియ్ సారవ్వా" అన్నాడు రాజం.

"ఎట్ల పోనియ్యాలె? ఇంకో రెండేండ్లల్ల పిల్లగాని పెండ్లి జేద్దామనుకుంటిమి. అన్న మాటినే బుద్ధి ఉంటె గీ చెయ్యి గిట్లెందుకైతుండె?" కళ్లు తుడుచుకుంటూ మొగడి వైపు తిరిగింది. "మా అన్న మొకం జూడు. నిన్ను గట్ల జూసి మూడొద్దుల సంది సగమైండు."

ఆగయ్య గట్క ముద్ద ఎడమచేత్తో నోటిదాకా తెచ్చుకున్నాడు. సగం కింద పడింది. నవ్వాడు. "తప్పైంది తియ్" అన్నాడు భార్యతో.

రాజంకు అక్కడ నేల చీలితే దిగిపోదామనిపించింది. తిట్టినా బాగుండేది. ఆగయ్య తిట్టలేదు. సారవ్వ గిన్నెలు కడగడానికి నల్లా దగ్గరికి వెళ్లాక, "ఎంక్వైరీ నాటకమైన తెల్లారంట గద బావా?" అన్నాడు, మామూలు సంగతి అడిగినట్టు.

"ఊ."

"నాకు యాదికి లేదంట. బండ తాకినంక యాదికి లేదంటె వాళ్లేం జేస్తరు?"

"నీదే తప్పని తేలితె చార్జిషీటిస్తరు. పైన కూసుండి చేసె అల్కటి పని ఇయ్యరు. మల్ల బాయిలకే పొమ్మంటరు. గీ చేత్తోని చెమ్మాసు ఎట్ల పడ్తవ్?"

"నీ నౌకరి పోతె ఇంకెట్లుంటది?" అన్నాడు ఆగయ్య. "నీకు ముగ్గురాడపిల్లలు. నాకొక్కడే కొడుకు." కట్టు కట్టిన చేతిని తలగడ మీదికి జాగ్రత్తగా జరుపుకున్నాడు. "నాటకం మంచిగ జెయ్యి. నేను సుత వస్త. డాక్టరు పొమ్మంటడట రేపు."

రాజం దవాఖాన మెట్లు దిగాడు. బావమరిది తనను కాపాడుతున్నాడు. చెల్లెలు తనమీద నమ్మకంతో మొగణ్ణి తిడుతోంది. అన్నిటికన్నా ఆ తిట్టే బరువుగా ఉంది. ఏ పాపం చేయనివాడు, తన అబద్ధానికి భార్య చేత మాట పడుతున్నాడు, పైగా తప్పైంది అంటున్నాడు.

*

మర్నాడు ఫస్టు షిఫ్టులో రాజం కప్పును కట్టెతో కొట్టిన చోటే మళ్లీ మళ్లీ కొట్టాడు. కట్టె కొన తగిలినప్పుడల్లా వేళ్లను బండకు ఆనించి వణుకు చూశాడు. గట్టిగా మోగింది. మళ్లీ కొట్టాడు. దిమ్మ నిలబెట్టేవాళ్లు చాలన్నా, ఇంకోటి పెట్టమన్నాడు. దాని మీద చీలిక చెక్క దూర్చి సుత్తితో బిగించేదాకా పక్కనే నిలబడ్డాడు.

"మొదలువెట్టుర్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆగయ్యతో జోడీగా పనిచేసే పోశం చెమ్మాసు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆ రోజు రాజం అన్న మాట విన్న ఇంకో మనిషి అతనే.

"మొదలువెట్టుమంటున్న గదనే."

"సూసినవా సర్దార్ సాబ్?" అన్నాడు పోశం.

"మీ ముంగటనే కొట్టిన గద."

"కొట్టినవ్. ఇన్నం. అయినా ఇంకోసారి చెప్పుర్రి, ఒడిసిపోతది."

"సూసిన. మొదలువెట్టుర్రి" అన్నాడు రాజం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పోశం లేచి, చేతుల్లో ఉమ్మి వేసుకుని, మొదటి చెమ్మాసు బొగ్గు తట్టలోకి ఎత్తాడు. అతని మొహంలో కోపం లేదు, వెటకారం కూడా లేదు. ఈ మనిషి మాట మీద ఇక ఊరికే చెమ్మాసు ఎత్తకూడదని నేర్చుకున్నాడు, అంతే. ఇన్నేళ్ల సర్దారుగిరీలో రాజంకు అంతకన్నా పెద్ద అవమానం జరగలేదు.

పైకి వచ్చి స్నానం చేసి నేరుగా వామనరావు సార్ క్వార్టరుకు వెళ్లాడు. సార్ వరండాలో పుస్తకం ముందేసుకుని, పార్లమెంటులో కుర్చీలు ఎలా ఉంటాయో బొమ్మ గీస్తున్నాడు.

"సార్, గీ దొర గనిల కప్పు కూలినప్పుడు దొర ఏడున్నడు?"

"లండన్‌లో ఉన్నాడు. ఆ రోజే కదా పెద్దల సభలో గనికార్మికుల రక్షణ గురించి మహోపన్యాసం చేసింది. రెండో రంగం అదేగా, నువ్వు దంచేది." సార్ కళ్లు మెరిశాయి. "విధి చూడు. అక్కడ ఆయన పనివాళ్ల ప్రాణాల కోసం మాట్లాడుతున్నాడు, ఇక్కడ పనివాళ్లు ఆజ్ఞ మీరారు."

"మీరిండ్రని ఎవలు చెప్పిండ్రు సార్?"

"ఆయనే చెప్పాడు. విచారణ సంఘం ముందు."

"ఆయన ఆడ లేకపాయె గద. మరి ఆయనకెట్ల ఎరుక?"

వామనరావు కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు చదివిన పుస్తకమో, ఈ ప్రశ్న మాత్రం ఆయనకు తగల్లేదు.

"అంత గొప్పవాడు అబద్ధం ఆడతాడా?" అన్నాడు చివరికి.

"అవతలోళ్లు సచ్చిపాయిరి సార్. సచ్చినోళ్లు కాదని అనలేరు." రాజం లేచాడు. "సచ్చినోళ్లే గాదు, ఉన్నోళ్లు గూడ అనరు ఒక్కోపారి."

సార్‌కు చివరి మాట అర్థం కాలేదు. పాత్రలో లీనమైపోతున్నాడని సంతోషపడ్డాడు.

*

స్టేడియంలో వేదిక కట్టారు. "రక్షణే ప్రథమం" అని గుడ్డ మీద రాసి వెనక కట్టారు. ముందు వరుసలో ఆఫీసర్లు, వాళ్ల భార్యలు, తర్వాత కార్మికుల కుటుంబాలు, ఆ వెనక పల్లీలమ్మేవాళ్లు. పొద్దు గుంకుతుండగా నాటకం మొదలైంది. ఎర్ర కోటులో రాజం రాగానే ఎవరో "బ్యాండు కొట్టురా" అని అరిచారు, జనం నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తండ్రి శవం ముందు బిరుదు అందుకునే కుర్రవాడిగా అతను తల వంచిన తీరుకు స్టేడియం సద్దుమణిగింది. రెండో రంగంలో గనుల్లోకి దింపిన పసిపిల్లల గురించి మాట్లాడుతుంటే వెనక పల్లీల బండి దగ్గర కూడా అలికిడి ఆగిపోయింది.

మూడో రంగం. కొమురెల్లి వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెద్దల సభ విచారణ సంఘం ముందుకు పనివాడి పెళ్లాన్ని రానిస్తారా అని రిహార్సల్లో ఎవరో అడిగితే, "నాటకంలో రానిస్తారు" అన్నాడు సార్.

"దొరవారూ! నా పెనిమిటి చేసిన దోషమేమి?"

రాజం ముందుకు అడుగేశాడు. లైట్ల వెలుగులో మొదట ఎవరూ కనిపించలేదు. కాసేపటికి తెల్లటి కట్టు కనిపించింది. నాలుగో వరుసలో ఆగయ్య కుడిచేతిని ఎడమచేత్తో మోస్తూ కూర్చున్నాడు. పక్కన సారవ్వ, కొంగు నెత్తిన వేసుకుని, నోరు తెరుచుకుని చూస్తోంది. తన అన్నే నిజంగా దొరైనట్టు చూస్తోంది.

"పనివాండ్రు..." అన్నాడు రాజం.

తెర పక్కనుంచి వామనరావు గుసగుసగా, "నా ఆజ్ఞను మీరిరి" అని అందించాడు.

రాజం విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"పనివాండ్రు నా ఆజ్ఞను మీరలేదు. పాటించిరి. పాటించియే నశించిరి. కప్పు గట్టిదని పలికినది నేను. పరీక్షింపక పలికితిని. ఆ దినమున నేనచ్చట లేను తల్లీ! లేకయే ఉంటినని బొంకితిని. దోషము నీ పెనిమిటిది కాదు. నాది!"

ఆ తర్వాత ఏం చేయాలో నాటకంలో లేదు. అతను కొమురెల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొమురెల్లి చెప్పాల్సిన మాటకు ఇప్పుడు చోటు లేదు. ల్యాంపు రూములో దీపం తీసుకున్న చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అది నటన కాదని అతనికీ రాజంకూ తప్ప ఎవరికీ తెలియదు.

చప్పట్లు. మొదట ముందు వరుస, తర్వాత స్టేడియమంతా. ఈలలు. "సీమ దొరలు గూడ తప్పు ఒప్పుకున్నరు, మనోళ్లు ఒప్పుకోరు!" అని ఎవరో అరిస్తే దానికి ఇంకో విడత చప్పట్లు. పెద్ద ఆఫీసరు రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. వేదిక మీదికి వచ్చి రాజంకు శాలువా కప్పి, ఉత్తమ నటుడన్నాడు. వామనరావు సార్ మాత్రం పాలిపోయిన మొహంతో నిలబడి, చేతిలోని కాగితాలూ రాజం మొహమూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు.

రాజంకు చప్పట్లు వీపు మీద దెబ్బల్లా తగిలాయి. చెప్పుకోలేక చెప్పుకోలేక అందరి ముందూ చెప్పుకుంటే, బాగా చెప్పావని శాలువా కప్పారు. నిజం బయటపడిందనుకున్నాడు. అది ఎర్ర కోటులోనే ఉండిపోయింది.

వేదిక దిగాక సారవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి. "మస్తు జేసినవ్ అన్నా. గా దొర మీద మస్తు ప్రేమ, పావురమైంది నాకు. ఎంత మంచోడే!" మొగడి వైపు తిరిగి, "సూసినవా? అంత పెద్ద దొర తప్పు ఒప్పుకునె. నువ్వు యాదికి లేదంటవు" అంది.

ఆగయ్య శాలువా అంచు ఎడమచేత్తో పట్టి చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. "గని బావా, గా పుస్తకం మాటలు నాకు సమజ్ గావు. అందరు సప్పట్లు కొట్టిండ్రు. ఏమన్నవ్ గక్కడ?"

అడిగి, రాజం కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. నిజంగా అర్థం కాక అడిగాడో, అర్థమయ్యే అడిగాడో రాజంకు తెలియలేదు. నోరు తెరిచాడు. చెల్లెలు నవ్వుతూ చూస్తోంది. శాలువా మడత పెట్టి సారవ్వ చేతిలో పెట్టి, "రేపు చెప్త" అన్నాడు.

*

మేనేజరు గదిలో బల్లకు అటు మేనేజరు, పక్కన సేఫ్టీ ఆఫీసరు. ఇటు ఆగయ్య ఒక్కడికే కుర్చీ. పోశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాజం బాయి బట్టల్లో వచ్చాడు. ఇంకా రంగు పూర్తిగా పోలేదు, చెవుల వెనక ఎర్రగా ఉంది.

"రండి దొరగారూ" అన్నాడు మేనేజరు నవ్వుతూ. "మా ఆవిడ రాత్రంతా మీ గురించే. సరే, ఇది రెండు నిమిషాల పని. ఆ రోజు చెప్పిందే ఇంకోసారి చెప్పు, ముగిద్దాం."

రాజం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆ దినమున..." అంది నోరు, నిన్నటి అలవాటుకు.

మేనేజరు ఘొల్లుమన్నాడు. "అయ్యా, నాటకం అయిపోయింది!"

సేఫ్టీ ఆఫీసరూ నవ్వాడు. రాజం నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. అరచేత్తో పెదాలు గట్టిగా తుడుచుకున్నాడు, అక్కడ రంగేమైనా మిగిలిందేమోనన్నట్టు.

"సార్, గా దినం నేను ఆడ లేకుంటి."

సేఫ్టీ ఆఫీసరు రాసుకునే కాగితం ముందుకు లాక్కున్నాడు.

"కప్పు కొట్టి చూడలే. చూసిన అని అబద్దమాడిన. మొదలువెట్టుమన్నది నేనే. చెప్పి, నాటకానికని పైకొచ్చిన. పక్క ఫేసుల ఉన్ననన్నది సుత అబద్దమే. మా బావమర్ది నా మాట ఇనక గాదు సార్, ఇనే చెయ్యి పోగొట్టుకున్నడు."

మేనేజరు మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "ఏమంటున్నావో తెలుసా? సర్దారు సర్టిఫికెట్టు పోతుంది. నౌకరీయే పోవచ్చు."

"ఎరుకే సార్."

"పోశం, నువ్వు..."

"నిజమే సార్" అన్నాడు పోశం గోడ దగ్గరనుంచి. అడగబోయే మాట పూర్తికాకముందే అన్నాడు. గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు.

మేనేజరు ఆగయ్య వైపు తిరిగాడు. "నీకేమీ యాదికి లేదన్నావు కదయ్యా?"

ఆగయ్య మేనేజరు వైపు చూడలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, బావ మొహంలోకి చూస్తున్నాడు. కళ్లనిండా నీళ్లున్నాయి.

"గిదేనా బావా, నిన్న నువ్వన్నది?"

"గిదే."

"నిన్ననే గిట్ల అంటె" అన్నాడు ఆగయ్య, "సారవ్వకు సుత సమజయ్యేది."